మందస నుంచి టెక్కలి దాకా: 356 కథ

మా టీంలో ఒకడున్నాడు, కుర్రాడు మంచోడే. ఆమధ్య లంచ్ టైంలో ఏదో రాష్ట్రం గొడవ టీవీలో చూసి "అక్కడ 356 పెట్టేస్తే పోలా" అన్నాడు. సర్వర్ హ్యాంగయితే రీస్టార్ట్ కొట్టేద్దాం అన్నంత తేలిగ్గా! నేను ఏదో చెప్పబోయాను కానీ సరిగ్గా కుదరలేదు. నాకూ అంతకు మించి తెలీదు మరి. 356 అంటే రాష్ట్రపతి పాలన, బొమ్మై కేసు, ఇంటర్లో సివిక్స్ గైడ్లో చదివిన నాలుగు ముక్కలు. అంతే.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ మాటే మా పెదనాన్న దగ్గర ఎత్తాను. పలాసలో రైలు దిగితే మా ఊరు ఆటోలో అరగంట. పెదనాన్న సోషల్ మేష్టారుగా రిటైరయ్యారు. స్కూల్లో ఎంత గ్రాంథికం మాట్లాడినా ఇంట్లో మాత్రం మా ఉద్దానం భాషే.

"ఏటిరా గుంటడా, ఐద్రాబాదులో కూకుని ఢిల్లీ కబుర్లు సెప్తన్నావు. ఆ మూడొందల యాభయ్యారు మన మందస మీంచే ఎల్లింది, తెలుసా?" అన్నారు.

తెలీదు. అందుకే ఆ మూడ్రోజులూ ఆయన దగ్గర విన్నదీ, తిరిగొచ్చాక నేను చదివి సరిచూసుకున్నదీ కలిపి ఈ టపా రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

మ్యాపు తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. విశాఖ నుంచి ఒడిశా వైపు వెళ్ళే రైల్లో కూర్చుంటే నౌపడ, పూండి, పలాస, మందస రోడ్, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం ఇలా వస్తాయి. నౌపడ దగ్గర పక్కకి చీలితే టెక్కలి. కుడిచేతి వైపు సముద్రం దాకా కొబ్బరి, జీడి తోటలు, అదీ ఉద్దానం. ఈ చిన్న ముక్కలోనే నా కథంతా.

మొదట మందస. 1940కి వెళ్ళాలి. అప్పుడు మనది మద్రాసు రాష్ట్రం, విశాఖపట్నం జిల్లా. అంతకు నాలుగేళ్ళ ముందు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాని రెండుగా చీల్చి ఈ తాలూకాలని మద్రాసుకి వదిలారు. మందస జమీందారీ. అడవి జమీందారుది. నాగలికి కర్ర కావాలన్నా, పొయ్యిలోకి పుల్ల కావాలన్నా ఆయన దయ.

1937లో ఎన్నికలు జరిగి మద్రాసులో రాజాజీ ప్రభుత్వం వచ్చింది. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. జమీందారీల మీద వేసిన విచారణ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. కమిటీ ఊరూరా తిరిగి సాక్ష్యాలు తీసుకుని 1938లో నివేదిక ఇచ్చింది. అందులో సారం ఏంటంటే, భూమి రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే. ఈ మాట సర్కారు కాగితం మీద పడ్డం అంటే మందస లాంటి చోట మామూలు విషయం కాదు.

అది చట్టం కాలేదు. 1939 సెప్టెంబర్‌లో వైస్రాయ్ ఇక్కడి వాళ్ళెవర్నీ అడక్కుండా ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. దానికి నిరసనగా అక్టోబర్‌లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. అప్పుడు మద్రాసు గవర్నరు 1935 చట్టంలోని సెక్షన్ 93 తీశాడు. దాని ప్రకారం ప్రొవిన్సు పాలన చట్టప్రకారం సాగించలేని పరిస్థితి వచ్చిందని గవర్నరుకి అనిపిస్తే చాలు, సర్వాధికారాలూ తనే తీసుకోవచ్చు. సభ ఉండదు, మంత్రులుండరు, ప్రశ్నలుండవు. ప్రకాశం కమిటీ నివేదిక అటకెక్కింది.

1940 మార్చి చివర్లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఎక్కడెక్కడి రైతులో వచ్చారు. కొద్దిరోజులకే ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో, అడవిలో కలప కొట్టారన్న కేసులో రైతుల్ని పట్టుకెళ్ళడానికి పోలీసులొచ్చారు. ఊరు అడ్డం తిరిగింది. ముందు నిలబడింది సాసుమాన గున్నమ్మ, అప్పటికి గర్భిణి. కాల్పులు జరిగాయి. గున్నమ్మతో పాటు మరికొందరు రైతులు అక్కడే పడిపోయారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఎవర్నడిగినా వీరగున్నమ్మ పేరు చెప్తారు.

మంత్రివర్గం ఉంటే కాల్పులు జరిగేవి కావు అని నేననను. రాజాజీ పోలీసులు మాత్రం పూలు చల్లేవాళ్ళా? పైగా మంత్రులు తమంతట తామే దిగారు, ఎవరూ దింపలేదు. కానీ సభ అనేది ఉంటే "మందసలో ఎవరు కాల్చమన్నారు" అని నిలబెట్టి అడగడానికి ఒక చోటుండేది. పెదనాన్న ఈ ముక్క దగ్గర చాలాసేపు ఆగారు. "పిల్లల్ని సంపేసినోణ్ణి అడగడానికి సభ లేదురా, అదీ తొంభైమూడంటే" అన్నారు. జమీందారీ రద్దు చట్టం 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడో విచిత్రం చెప్పాలి. స్వాతంత్ర్యం రాగానే చేసిన మార్పుల్లో సెక్షన్ 93ని తీసేశారు. తర్వాత రాజ్యాంగం రాసేటప్పుడు మనవాళ్ళే మళ్ళీ తెచ్చిపెట్టారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివా. మనం చేసే కాపీ పేస్టే! "ప్రొవిన్సు" ఉన్నచోట "రాష్ట్రం", "ఈ చట్టం" ఉన్నచోట "ఈ రాజ్యాంగం" అని ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టినట్టుంటుంది :-) గవర్నరు స్థానంలో రాష్ట్రపతి వచ్చాడు. గవర్నరు నివేదిక వల్ల "గానీ మరోవిధంగా గానీ" రాష్ట్రపతికి తెలిస్తే చాలన్న మాట అదనంగా చేరింది. దేశం ముక్కలై, సంస్థానాలు కలవాల్సిన రోజులు కాబట్టి వాళ్ళ భయం అర్థం చేసుకోవచ్చు. 1949 ఆగస్టులో సభ్యులు దీని మీద గొడవ చేస్తే అంబేద్కర్ సమాధానం చెప్తూ ఇలాంటివి ఎన్నటికీ వాడే అవసరం రాకుండా కాగితం మీదే ఉండిపోతాయని ఆశిస్తున్నానన్నాడు. కోడ్‌లో ఒక ఫంక్షన్ రాసి "దీన్నెవరూ పిలవరులే" అని కామెంట్ పెడితే ఏమవుతుందో మనకి తెలిసిందే.

అయిదేళ్ళు తిరక్కుండా అది మన దగ్గరికే వచ్చింది. ఈసారి స్టేషన్ బారువ.

గౌతు లచ్చన్న 1909 ఆగస్టు 16న బారువలో పుట్టాడు. గీత కులం. ఆ కులంవాళ్ళకి తాడిచెట్టే అన్నం. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం పెట్టాక కల్లు గీసేవాళ్ళ బతుకు రోడ్డున పడింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ముఖ్యమంత్రి ఆ ప్రకాశమే. నిషేధం మీద వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తెయ్యమంది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికుల కోసం లచ్చన్న ఉద్యమం నడిపాడు. చివరికి 1954 నవంబర్ 6న, ఈ నిషేధం గొడవ మీదే అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. జమీందారీల మీద అంత నివేదిక రాసిన పెద్దాయన ఉద్దానం తాడిచెట్టు దగ్గర దెబ్బతినడం! చరిత్రకి జాలి ఉండదు.

నవంబర్ 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. గవర్నరు చందూలాల్ త్రివేది పాలించాడు. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు, మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ప్రభుత్వం. నాలుగున్నర నెలలు, అంతే. నా లెక్కలో ఇది 356ని చాలావరకు సక్రమంగా వాడిన సందర్భం. ఎందుకంటే ముందు సభలో ఓటు జరిగింది. ప్రభుత్వానికి బలం లేదని ఎవరో రాజభవన్‌లో కూర్చుని లెక్కేసింది కాదు, సభలో చేతులెత్తించి లెక్కపెట్టింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ తర్వాత చెడిపోవడం మొదలైంది. 1959 జూలై 31న కేరళలో మెజారిటీ ఉన్న నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని తీసేశారు. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమంలో మన పి.వి. నరసింహారావు కూడా మెజారిటీ ఉండగానే దిగిపోయాడు, డిసెంబర్ దాకా రాష్ట్రపతి పాలన. రాష్ట్రపతి సంతృప్తే అంతిమం, ఏ కోర్టూ అడక్కూడదని ఎమర్జెన్సీలో 38వ సవరణ తెచ్చారు. 44వ సవరణతో జనతావాళ్ళు దాన్ని తీసేశారు. అదే జనతావాళ్ళు 1977లో ఒక్క దెబ్బకి తొమ్మిది రాష్ట్రాల కాంగ్రెస్ ప్రభుత్వాల్ని తీసేశారు, ఇందిరాగాంధీ 1980లో తిరిగొచ్చి తను ఇంకో తొమ్మిది తీసేసింది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశా ఆ రెండు లిస్టుల్లోనూ ఉంది. 1977లో సుప్రీంకోర్టుకి వెళ్తే మేం జోక్యం చేసుకోం పొమ్మంది.

ఇక ఎన్టీఆర్. ఈ భాగం మా ఇంట్లో చరిత్ర కాదు, ఇంటి కథ.

1983 జనవరిలో గెలిచాడు. "కేంద్రం మిథ్య" అన్నాడు. అదే ఏడాది మేలో కాంగ్రెసేతర ముఖ్యమంత్రుల్ని, నాయకుల్ని విజయవాడకి పిలిచి సభ పెట్టాడు. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద సర్కారియా కమిషన్ వేసింది కూడా ఆ ఏడాదే. 1984లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన కొద్దిరోజులకే, ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించాడు. సభ పిలవండి, బలం చూపిస్తానని ఎన్టీఆర్ మొత్తుకున్నా వినలేదు. భాస్కరరావుకి మాత్రం బలం చూపించడానికి నెల గడువిచ్చాడు. (అన్నట్టు ఆరోజు గౌతు లచ్చన్నకి సరిగ్గా 75 ఏళ్ళు నిండాయి. కాకతాళీయమే, కానీ లెక్క చూసుకుని నవ్వొచ్చింది.)

నేను చాలాకాలం అపోహ పడ్డ సంగతి ఒకటుంది. ఇది 356 కాదు! రాష్ట్రపతి పాలన రాలేదు. మంత్రులు గవర్నరు ఇష్టం ఉన్నంతవరకే పదవిలో ఉంటారనే 164వ అధికరణాన్ని పట్టుకుని చేసిన పని. అంటే ముందు తలుపుకి ఎంత తాళం వేసినా దొడ్డితలుపు తెరిచే ఉందన్నమాట.

ఎన్టీఆర్ సగానికి మించిన ఎమ్మెల్యేల్ని ఢిల్లీ తీసుకెళ్ళి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టాడు. వాళ్ళని చేజారకుండా కర్ణాటకలో హెగ్డే ప్రభుత్వం దాచిపెట్టింది. ఇక్కడ బందులు, ఊరేగింపులు. మా తాత ఆ నెల్రోజులూ కాశీబుగ్గలో బడ్డీకొట్టు దగ్గర రేడియో వదల్లేదట. జీడిపిక్కల పని కూడా మానేశాడని నాయనమ్మ తిట్టిన తిట్లు మా నాన్నకి ఇప్పటికీ గుర్తు. రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చాడు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి. మొత్తం 31 రోజులు.

ఇది ఏ కోర్టూ ఇచ్చిన తీర్పు కాదు. రోడ్ల మీద తేలింది. గొప్ప విషయమే. కానీ అందరి దగ్గరా ఎన్టీఆర్ ఉండడుగా? మణిపూర్‌లోనో, నాగాలాండ్‌లోనో ఓ ముఖ్యమంత్రిని దింపితే దేశమంతా బందులు జరుగుతాయా? జనం వీధుల్లోకి వస్తేనే పనిచేసే బ్రేకుని బ్రేకు అనలేం.

అసలు బ్రేకు పదేళ్ళ తర్వాత వచ్చింది. 1989 ఏప్రిల్‌లో కర్ణాటకలో బొమ్మై ప్రభుత్వానికి 19 మంది మద్దతు ఉపసంహరించుకున్నారని గవర్నరు ఢిల్లీకి రాశాడు. వాళ్ళలో కొందరు వెంటనే మేం వెనక్కి తగ్గామన్నారు. బొమ్మై వారంలో సభ పిలుస్తానన్నాడు. అయినా ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన. ఆ గవర్నరు ఎవరనుకున్నారు? మన పెండేకంటి వెంకటసుబ్బయ్య, కర్నూలు జిల్లా పెద్దాయన! కేసు నడిచి నడిచి 1994 మార్చి 11న తొమ్మిదిమంది జడ్జీల బెంచి తీర్పిచ్చింది. అందులో మనవాళ్ళు ఇద్దరు, కె. రామస్వామి, బి.పి. జీవన్‌రెడ్డి. రాష్ట్రాలు కేంద్రానికి తోకలు కావు, తమ పరిధిలో అవి సర్వోన్నతమైనవి అని జీవన్‌రెడ్డి తన తీర్పులో రాశాడు. చెడగొట్టినవాడూ తెలుగువాడే, బాగుచేసినవాడూ తెలుగువాడే అన్నమాట.

తీర్పులో మనకి కావలసినవి చెప్తా. ప్రభుత్వానికి బలముందో లేదో తేలాల్సింది సభలో, రాజభవన్‌లో కాదు. రాష్ట్రపతి ప్రకటనని కోర్టు పరిశీలించొచ్చు, ఏ ఆధారాల మీద చేశారో చూపించమనొచ్చు. పార్లమెంటు రెండు సభలూ ఆమోదించేదాకా శాసనసభని రద్దు చెయ్యకూడదు, పక్కన పెట్టుంచాలి. ప్రకటన తప్పని తేలితే తీసేసిన ప్రభుత్వాన్ని తిరిగి కూర్చోబెట్టొచ్చు. కర్ణాటక, నాగాలాండ్, మేఘాలయల్లో చేసింది తప్పంది. 1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీదు కూల్చాక మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రభుత్వాల్ని తీసెయ్యడం మాత్రం సరైనదేనంది. అవి తీసేసినప్పుడు ప్రధాని ఎవరు? 1973లో రాష్ట్రపతి పాలనకి కుర్చీ వదిలిన పి.వి.నే.

చూశారా, 356లో ఆ "సాగించలేని పరిస్థితి" అన్న వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. 1935లో ఉన్నదే 1994లోనూ ఉంది. మారింది దాన్ని చదివే తీరు. సభలో లెక్కపెట్టండి అని కోర్టు చెప్పింది కొత్త సంగతేం కాదు, 1954లో లచ్చన్నావాళ్ళు చేసి చూపించిందే. తర్వాత 1999లో బీహార్‌లో పెట్టిన రాష్ట్రపతి పాలనని రాజ్యసభలో బలం లేక వెనక్కి తీసుకున్నారు. 2016లో అరుణాచల్‌లో, ఉత్తరాఖండ్‌లో కోర్టుల పుణ్యమా అని తీసేసిన ప్రభుత్వాలు తిరిగొచ్చాయి.

తీర్పొచ్చిన ఏడాదే, 1994 డిసెంబర్‌లో, ఎన్టీఆర్ రెండు చోట్ల నిలబడ్డాడు. ఒకటి హిందూపురం, రెండోది మా టెక్కలి. రెండూ గెలిచి హిందూపురం ఉంచుకున్నాడు. టెక్కలివాళ్ళకి ఆ కోపం ఇంకా పోలేదు. ఏం లాభం, తొమ్మిది నెలలు తిరక్కుండా 1995 ఆగస్టులో అధికారం పోయింది. ఈసారి ఢిల్లీ నుంచి ఎవరూ రాలేదు, సొంత ఇంట్లోంచే. దానికి ఏ తీర్పూ అడ్డం పడదు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే మా టీం కుర్రాడి మీద గెలిచినట్టే. కానీ పెదనాన్న ఇంకో రెండు సంగతులు అడిగారు, వాటికి నా దగ్గర సరైన జవాబు లేదు.

ఒకటి 2014. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లుని జనవరి 30న మన శాసనసభ మూజువాణి ఓటుతో తిప్పి పంపింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించేసింది. ముఖ్యమంత్రి రాజీనామా, మార్చి 1 నుంచి రాష్ట్రపతి పాలన. తెలంగాణ రావడం న్యాయమా కాదా అనే చర్చలోకి నేను వెళ్ళను. అక్కడి జనం ఎన్నాళ్ళు అడిగారో మనకి తెలుసు, మా టీంలో సగంమంది వాళ్ళే. కానీ మూడో అధికరణం ప్రకారం రాష్ట్రం హద్దులు మార్చడానికి ఆ రాష్ట్ర సభని అభిప్రాయం అడిగితే చాలు, వినక్కర్లేదు. ప్రభుత్వాన్ని తియ్యాలంటే బొమ్మై అడ్డముంది. రాష్ట్రాన్నే చీల్చాలంటే ఏ అడ్డమూ లేదు! 1936లో మా ఇచ్ఛాపురం దగ్గర గీత గీసింది తెల్లదొరల ఆర్డరు. గీత గీసే పద్ధతి అప్పటికీ ఇప్పటికీ మారిందా అంటే, కొంచెమే.

రెండోది సోంపేట. 2010 జూలై 14. నేను ఎనిమిదో తరగతి. మధ్యాహ్నం బడి వదిలేశారు, ఎందుకో చెప్పలేదు. సాయంత్రానికి తెలిసింది, బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారని, మనుషులు చచ్చిపోయారని. భూమి రాష్ట్రం సబ్జెక్టు. పోలీసు రాష్ట్రం సబ్జెక్టు. ఏ కేంద్రమూ వేలు పెట్టకూడని జాబితాలోవే ఆ రెండూ. అదేరోజు ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది ఢిల్లీలో ఉన్న జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ. అనుమతి ఇచ్చింది కేంద్రమే, రద్దు చేసిందీ అక్కడి సంస్థే. పర్యావరణ అనుమతులు నడిచే 1986 చట్టం కూడా విదేశాలతో చేసుకున్న ఒప్పందాల అమలు కోసమని 253వ అధికరణం కింద కేంద్రం చేసుకున్నది. రాష్ట్రాల హక్కుల మీద నాకున్న ప్రేమకి ఇది గొంతులో ముల్లు.

"గున్నమ్మప్పుడు సభ లేదు. సోంపేటప్పుడు సభుంది కదరా, మరేటయింది?" అన్నారు పెదనాన్న.

ఏం చెప్పాలో తోచక, చూసొద్దాం రా పెదనాన్నా అని బండి తీశా. మందస మీదుగా వెళ్ళి, బారువ బీచి దగ్గర టీ తాగి, సోంపేట బీలకి చేరేసరికి పొద్దు వాలుతోంది. నీళ్ళున్నాయి. గట్టు మీద గేదెలు మేస్తున్నాయి. పక్కనే ఎవరో ముసలాయన వల సర్దుకుంటున్నాడు. పెదనాన్న ఆయన్ని పలకరించి చేపలెలా పడుతున్నాయని అడగడం మొదలుపెట్టారు, నేను బండి స్టాండేశాను.